వైద్యుని పక్షము, వైద్యశాఖ

(పఠనమందిర సభయందు చదివిన ఉపన్యాసము)



జ్వరమునకు కులము లేదు, పక్షము లేదు. కావున జ్వరము మాన్పువానికిని అవి యుండవని మనము తలంతుము. కాని వైద్యుడును పౌరుడే. ఆచంట లక్ష్మీపతిగారు మద్రాసులో పాశ్చాత్యవైద్యమున పట్టమునంది, పిదప ఆయుర్వేదోద్ధరణమునకు జీవితమును ధారపోసిరి. పట్టాభి సీతారామయ్యగారు 1906లో బందరున వైద్యవృత్తి నారంభించి, పదేండ్లకు దేశసేవకై దానిని వదలుకొనిరి. స్వదేశీయభావము ప్రబలిన ఆ దినములలో ఒకరు వైద్యమార్గమును మార్చుకొనిరి; మరియొకరు వైద్యమునే విడిచిరి. మనసునందలి విశ్వాసము చేతియందలి వృత్తిని కదలింపగలదని ఆంధ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే వైద్యవృత్తిలోనే నిలిచియున్నవాడు తన శాఖను ఎన్నుకొనుటలో సైతము ఈ విశ్వాసము పనిచేయునా? ఈ ప్రశ్నను లెక్కలతో పరీక్షించిన దేశము అమెరికా. అచ్చట ఎన్నికలకు ఎవరు ఎవరికి చందా లిచ్చిరో పట్టికలయందు బహిరంగముగ కానవచ్చును. పెక్కు రాష్ట్రములలో ఓటరు తన పక్షమును సైతము నమోదు చేయించుకొనును.

1991 మొదలు 2012 వరకు వైద్యులిచ్చిన చందాలను బోనికా, రోజెంతాల్, రాత్‌మన్ అను పండితులు శోధించి 2014లో ప్రకటించిరి. 2011-12 ఎన్నికల కాలమున చందా లిచ్చిన శస్త్రవైద్యులలో నూటికి 70 మంది రిపబ్లికను పక్షమునకు ఇచ్చిరి. శిశువైద్యులలో అట్లిచ్చినవారు నూటికి 22 మందియే. 2016లో హెర్ష్, గోల్డెన్‌బర్గ్ అనువారు వైద్యుల పేర్లను ఓటర్ల పట్టికలతో సరిచూడగా ఇట్టి భేదమే బయల్పడెను. ఈ రెండు పక్షములలో నొకదానియందు పేరు నమోదైన శస్త్రవైద్యులలో మూడింట రెండు పాళ్లు రిపబ్లికనులు. మానసిక వైద్యులలోను, అంటువ్యాధుల వైద్యులలోను నాలుగింట మూడు పాళ్లు డెమోక్రాట్లు.

ఇంత స్పష్టమైన భేదమునకు కారణమేమి? పక్షమే శాఖను నిర్ణయించెనని తొందరపడి తీర్పు చెప్పరాదు. శస్త్రవైద్యునకు ఆదాయ మధికము, శిశువైద్యునకు తక్కువ. ఆదాయము హెచ్చినకొలది పన్నుల భారము మనసున మెదలుట, పన్నులను తగ్గింతుమను పక్షమువైపు మొగ్గుట లోకసహజము. స్త్రీలు శిశువైద్యమున అధికముగ నున్నారు. వైద్యులలో స్త్రీలు డెమోక్రాట్లకు చందా లిచ్చుట పురుషులకంటె ఎక్కువ. శాఖలో చేరిన పిదప ప్రతిదినము చూచు రోగులును వైద్యుని భావమును మార్తురు. బీదవానిని, సంఘము వెలివేసినవానిని నిత్యము చూచువాడు ఆ బీదతనమునకు కారణమును వెదకకుండ నుండలేడు. 1981లో ఎయిడ్సు వ్యాధి మొదట గుర్తింపబడిన పిమ్మట అంటువ్యాధుల వైద్యుల యొద్దకు వచ్చిన రోగులు పెక్కురు లోకనిందకు గురియైనవారే. విశ్వాసము శాఖను ఎన్నుకొనునని, శాఖ విశ్వాసమును పెంచునని రెండును నిజములు కావచ్చును.

రోగికి దీనివలన కలుగు నష్టమేమని మీరు అడుగుదురు. హెర్ష్, గోల్డెన్‌బర్గులు సాధారణ వైద్యులకు కల్పిత రోగుల వృత్తాంతములను పంపి అభిప్రాయము కోరిరి. మద్యపానము, స్థూలకాయము మున్నగు విషయములయందు ఇరుపక్షముల వైద్యులును ఒకేరీతి పలికిరి. గంజాయి, గర్భస్రావము అనువానిని రిపబ్లికను వైద్యులు అధికముగ ప్రమాదకరములుగ నెంచిరి. ఇంట తుపాకి యుండుటను డెమోక్రాటు వైద్యులు అట్లెంచిరి. రాజకీయ వివాదము ముదిరినచోట వైద్యుని సలహాయును వేరైపోయినది. రోగి నాడి చూపించుకొన వచ్చునే కాని వైద్యుని పక్షము తెలిసికొన రాడు గదా! ఎవని యొద్దకు పోయినను ఒకే శాస్త్రము వినబడవలెనని కోరుట అతని హక్కు.

మన ఆంధ్ర, తెలంగాణ యువకులు ఆ దేశమునకు పోయి వైద్యులగుచున్నారు. వారిలో అధికులకు ఈ ఎన్నిక స్వేచ్ఛయైనది కాదు. విదేశమున చదివినవారికి సాధారణ రోగముల వైద్యము, కుటుంబవైద్యము వంటి శాఖలలో స్థానములు దొరకినంతగ నరముల శస్త్రవైద్యము, ఎముకల వైద్యము, చర్మవైద్యములలో దొరకవు. వారు ఏ శాఖలో నున్నారో చూచి వారి రాజకీయమును ఊహించువాడు పొరబడును. తలుపు తెరచియున్న గదిలోనికి పోయినవాని యభిరుచిని ఆ గదిని చూచి నిర్ణయింపరాదు.

మేము ముఖ్యముగ చెప్పదలచిన దిది. వైద్యుని విశ్వాసమును నిందించుట మా యుద్దేశము కాదు. విశ్వాసము లేని వైద్యుని మేము కోరము. కాని పసిబిడ్డల వైద్యము, మనోవ్యాధుల వైద్యము, అంటువ్యాధుల నివారణ, ఇవి జాతికి అవసరములు. వీనికి ప్రతిఫలము తక్కువ యుంచి, దయాహృదయులెవరో వచ్చి వీనిని నింపుదురని కూర్చుండు ప్రభుత్వము, తన బాధ్యతను కొందరి విశ్వాసముపై మోపి తాను తప్పుకొనుచున్నది. నేడు ఆ దయ యున్నది. రేపు లేకపోయిన రోగి గతి యేమి? ఇంటింటికి నీరు పంపుట ఉదారుల దానముపై ఆధారపడునా?

కావున శాఖలన్నిటికిని తగిన ప్రతిఫలమును, గౌరవమును కలిగించుట ప్రజాప్రతినిధుల విధి. వైద్యవిద్యార్థి తన మనసునకు నచ్చిన శాఖను ఆకలిభయము లేక ఎన్నుకొనునట్లు చేయవలెను. ఇక వైద్యులకు మా మనవి యొకటే. ఏ పక్షమునందైనను ఉండుడు, చందా లిండు, ఓటు వేయుడు. రోగి ముందు కూర్చున్నప్పుడు మాత్రము మీ మాట శాస్త్రమునుండి వచ్చినదో, పక్షమునుండి వచ్చినదో మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. మన ఊరి వైద్యుడు ఈ ప్రశ్న వేసికొనుచున్నాడా యని చూచుట, ఇచ్చట కూడిన మనయందరి బాధ్యత.