శనగ వేరు, వేరుశనగ వేరు

(రాజంపేట రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరల గురించి, నీళ్ల గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పినారు. నేను ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతా. ఆ మాట 'శనగ'. పదో తరగతి చదివినోడు మాటల గురించి ఏం చెప్తాడని అనుకోవద్దు. ఈ మాట దగ్గర పొరపాటు పడి ఒక ఏడాది పంట నష్టపరిహారం పోగొట్టుకున్నోణ్ని నేను.

కొన్నేళ్ల కిందట ఖరీఫ్‌లో మూడెకరాల ఎర్రనేలలో చెనక్కాయ వేసినా. పంట నమోదుకు వచ్చిన పిల్లోడు "ఏం పైరు పెద్దాయనా?" అని అడిగినాడు. ఇంట్లో అయితే చెనక్కాయ అంటాం. ఆఫీసు మనిషి ముందర ఆ మాట మోటుగా ఉంటుందేమోనని "శనగ సార్" అన్నా. ఆయన అదే ఎక్కించుకున్నాడు. నేను చదివి చూసుకోకుండా వేలిముద్ర వేసినా. ఊడలు దిగే అదనుకు వాన ఎగ్గొట్టింది. పైరు నిలువునా ఎండింది. పరిహారం జాబితా వస్తే అందులో నా పేరు లేదు. పోయి అడిగితే "మీది శనగ, నష్టం రాసింది వేరుశనగకు" అన్నారు. "రెండూ ఒకటే కదా సార్, నా చేను వచ్చి చూడండి" అన్నా. చేను చూసేకి ఎవరూ రాలేదు. కాగితమే చూసినారు.

ఆ రోజు వాళ్ల మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే తప్పులో నా వాటా కూడా ఉందని తెలిసింది. నా నోటి మాట నేనే మార్చి చెప్పినా.

శనగ అంటే అసలు పప్పుశనగ. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు, అవతల కర్నూలు, నంద్యాల నల్లరేగళ్లలో చలికాలం మంచుకు పండే పైరు. జేజీ-11 రకం వచ్చినాక అక్కడ బాగా పెరిగింది. మన చెనక్కాయ ఆ పైరు కాదు. అది దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. కొత్త గింజ వస్తే మనవాళ్లు తెలిసిన గింజ పేరే పెట్టినారు. శనగ మాదిరి ఉంది, నేలలో కాస్తుంది, అందుకని వేరుశనగ.

మన ఒక్కరిదే కాదు ఈ కథ. తమిళంలో కడలై అంటే శనగ, వేర్కడలై అంటే చెనక్కాయ. కన్నడంలో కడలె శనగ, కడలెకాయి చెనక్కాయ. హిందీవాళ్లు పెసర పేరు తగిలించి మూంగ్‌ఫలీ అన్నారు. వచ్చిన కోడలికి అత్తగారి ఇంటిపేరు తగిలినట్టు, ఈ పైరుకు పాత పైర్ల పేర్లు తగిలినాయి.

నిజానికి వేరుశనగ వేరుకు కాయదు. ఇక్కడున్న అక్కలకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు, కలుపు తీసేది వాళ్లే. పువ్వు పైన పూస్తుంది, ఊడ కిందికి దిగుతుంది, నేలలోకి పోయి ఊడ కొనన కాయ అవుతుంది. వేర్లకు ఉండేవి నత్రజనిని పట్టి పెట్టే బుడిపెలు. పుస్తకం పేరు కంటే మన 'చెనక్కాయ' నయం. అందులో 'కాయ' ఉంది. కాయ అన్నాక ఎవరూ పప్పుశనగ అనుకోరు.

తోక తీసేసి ఉత్త 'శనగ' అన్నామా, చిక్కు మొదలు. వంటింట్లో చూడండి. శనగపిండి పప్పుశనగది. శనగనూనె చెనక్కాయది. శనగపిండిలో ముంచి, శనగనూనెలో వేయిస్తే బజ్జీ. ఒక్క బజ్జీలో రెండు పైర్లు, పేరు మాత్రం ఒకటే. బజ్జీ తినేకి ఇబ్బంది లేదు. పరిహారానికి ఉంది.

ఊరు దాటితే ఇంకో చిక్కు. కర్నూలు వైపు బుడ్డలు అంటే చెనక్కాయలు. జమ్మలమడుగు వైపు బుడ్డశనగ అంటే పప్పుశనగ. తెలంగాణలో పల్లీలు. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బదిలీ అయి వచ్చిన ఉద్యోగి ఏమనుకోవాలి? ఆయన్ను తప్పు పట్టేకి లేదు. ఆయనకు ఇచ్చిన జాబితాలో మన ఊరి పేరు లేదు. అదీ తప్పు.

ఈ తేడా విలువ రూపాయల్లో చెప్తా. 2024-25 పంటకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు వేరుశనగకు 6,783 రూపాయలు, శనగకు 5,650. తేడా 1,133 రూపాయలు. 2016లో వచ్చిన ఫసల్ బీమాలో నూనెగింజలకు, పప్పుధాన్యాలకు రైతు కట్టే వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం మించకూడదు. ఏ పైరుకు, ఏ సీజనుకు కట్టినామో దానికే బీమా. ఖరీఫ్‌లో పేరు తప్పితే కాలం అయినా అనుమానం పుట్టిస్తుంది. రబీలో బోర్ల కింద మనం చెనక్కాయ వేస్తాం, రేగళ్లలో వాళ్లు పప్పుశనగ వేస్తారు. అప్పుడు పేరు తప్పితే పట్టుకునే దారే లేదు.

అందుకని మన పని మూడు మాటల్లో చెప్తా. ఒకటి, పంట నమోదుకు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా "చెనక్కాయ, మీ లెక్కలో వేరుశనగ" అని రెండు పేర్లూ చెప్పండి. రెండు, వేలిముద్ర వేసే ముందు తెర మీద ఏం రాసినారో చదివించుకోండి. చదువు రానోళ్లు పిల్లల్ని పక్కన పెట్టుకోండి. మూడు, రైతు సేవా కేంద్రంలో జాబితా అంటించినప్పుడు మన పేరు ఉందని సంతోషపడి వచ్చేయొద్దు. పేరు పక్కన పైరు ఏముందో కూడా చూడండి. తప్పుంటే ఆ గడువులోనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, దాని నకలు దగ్గర పెట్టుకోండి.

సర్కారును అడిగేది ఒకటే. పంటల జాబితాలో ప్రతి పైరుకు పక్కన ఆ ప్రాంతంలో పిలిచే పేరు రాయండి, ఒక బొమ్మ పెట్టండి. దీనికి కోట్లు ఖర్చు కాదు. ఈ అర్జీ మన సంఘం తరఫున తయారు చేద్దాం. మీ మీ ఊర్లలో ఇట్లా రెండు అర్థాలు వచ్చే పైర్ల పేర్లు ఇంకేమున్నా, వచ్చే సమావేశానికి రాసుకుని రండి.

మా అమ్మ ఒక్కనాడు కూడా శనగ అనలేదు, చెనక్కాయ అనే అనింది. ఆమె మాటే నేను చెప్పి ఉంటే ఆ ఏడు నా పరిహారం నాకు వచ్చి ఉండేది. ఆఫీసు మెట్లెక్కేటప్పుడు చెప్పులు బయట విడుస్తాం, సరే. మన మాటను మాత్రం బయట విడవొద్దు.