వాటంతట అవే కలిశాయి టీచర్

నాతోపాటు బి.ఎడ్. పట్టా అందుకుంటున్న మిత్రులారా,

బ్యాచ్ తరఫున మాట్లాడమంటే ఏం చెప్పాలో తోచలేదు. ఉద్యోగమే రాలేదు, అనుభవం ఎక్కడిది? అందుకే ఇంటర్న్‌షిప్‌లో నేను బోల్తాపడ్డ ఒక పాఠం గురించి చెబుతాను.

ఆరో తరగతి, భిన్నాలు. గదిలో గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. రాత్రంతా వెతికి మంచి యానిమేషన్ పట్టుకెళ్లాను. 1/3 ఒక రంగు, 1/4 ఇంకో రంగు. రెండూ పన్నెండో వంతులుగా విడిపోయి చకచకా కలిసిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అబ్జర్వేషన్‌కు వచ్చిన మేడం కూడా తలూపారు. మార్కులు పడ్డట్టే అనుకున్నాను.

మర్నాడు అదే లెక్క నోటుపుస్తకంలో చేయమంటే సగం మంది 2/7 రాశారు. పైవి పైన, కిందివి కింద కూడేశారు. ఒక పాపను అడిగితే, "నిన్న వాటంతట అవే కలిశాయి కదా టీచర్" అంది.

పాప అన్నదాంట్లో తప్పేముంది? కలిపే పని బొమ్మే చేసేసింది, పిల్లల చేతికి ఏమీ మిగల్లేదు. పైగా 2/7 అంటే 1/3 కంటే తక్కువ. ఉన్నదానికి ఇంకొంత కలిపితే తగ్గడమేమిటి? ఆ ప్రశ్న ప్యానెల్ అడగలేదు సరే, నేనూ అడగలేదు. ఆ రోజు కాగితాలు ఇచ్చాను. నిలువుగా మూడు భాగాలు, అడ్డంగా నాలుగు భాగాలు వచ్చేలా మడిచి విప్పితే పన్నెండు గడులు. నాలుగింటికి ఒక రంగు, మూడింటికి ఒక రంగు వేసి, లెక్కపెట్టి 7/12 అన్నారు. పీరియడ్ చాల్లేదు, పక్క సార్ దగ్గర ఇంకోటి అడుక్కున్నాను. చివర్లో ఆ యానిమేషనే మళ్లీ వేశాను. ఈసారి చప్పట్లు లేవు. వెనక బెంచీ పిల్లాడు మాత్రం, "ఇప్పుడు పన్నెండు చేస్తది చూడు" అన్నాడు.

బడికి యంత్రం రావడం కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. గడువు తీరాక ఉపగ్రహాన్ని అమెరికా వాళ్లు మళ్లించుకున్నారు. 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు విన్నవాళ్లం మనమే. బాగానే చెప్పారు. కానీ అర్థం కాక మొహం వేలాడేస్తే చూసేవాళ్లు లేరు.

ప్యానెల్ వద్దనేవాణ్ణి కాదు నేను. కొట్టుకునే గుండెను ఏ సుద్దముక్కా చూపించలేదు. ఎప్పుడు వేస్తున్నామన్నదే నా పేచీ.

డీఎస్సీ ఎప్పుడు పడుతుందో, ఎవరికి ఏ ఊరు వస్తుందో తెలియదు. ఎక్కడికి వెళ్లినా, వీడియో వేసిన మర్నాడు నోటుపుస్తకాలు తెప్పించుకుని 2/7 రాసిన పిల్ల పక్కన ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి.