ఉన్ని కోత, ప్రాణి మనుగడ

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పీఠభూములపై సంచరించే వికూన్యా ఒంటె కుటుంబానికి చెందిన అడవి జంతువు. దాని ఉన్నిపోగు మందం 12, 13 మైక్రాన్లు మాత్రమే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు పన్నెండు పదమూడు రెట్లు. ఆ మెత్తదనం కోసమే విచ్చలవిడిగా వేటాడడంతో 1960ల నాటికి వాటి సంఖ్య సుమారు 10 వేలకు పడిపోయింది. వేటను నిషేధించి, 1979 నాటి అంతర్జాతీయ ఒప్పందంతో రక్షణ కల్పించాక ఆ సంఖ్య మళ్లీ లక్షలకు చేరింది. ఇప్పుడు గ్రామస్థులు రంగు పేలికలు కట్టిన పొడవాటి తాడు పట్టుకుని, బారులు తీరి మందను దడిలోకి తోలి, ఒక్కోదాని నుంచి సుమారు పావు కిలో ఉన్ని కత్తిరించి, ప్రాణంతో విడిచిపెడతారు. ‘ఇంకా’ సామ్రాజ్య కాలం నుంచి వచ్చిన ఈ పద్ధతి పేరు ‘చాక్కు’.

టిబెట్ పీఠభూమిలోని ‘చిరు’ అనే జింక కథ ఇందుకు భిన్నమైనది. దాని ఉన్నితో నేసే శాతూష్ శాలువా ఒక్కదానికి మూడు నుంచి అయిదు జింకలను చంపుతారు. అందువల్లనే 1990ల మధ్యకు అవి 75 వేల లోపుకు తగ్గాయి.

అయితే ప్రాణం తీయని కోతలోనూ అపాయం ఉంది. వికూన్యాలను ఎక్కువసేపు తరిమితే భయంతో కండరాలు దెబ్బతింటాయి, మరీ పొట్టిగా కత్తిరిస్తే చలిని తట్టుకోలేవు. కనుక కోతకు ముందు జంతువు క్షేమాన్ని చూడడం మనిషి బాధ్యత.