రెండు ఆయుధముల నియమము

కర్ణునికి ఇంద్రుడొసగిన శక్తి ఒక్కమారు మాత్రమే ప్రయోగింపదగినది. అర్జునుని కొరకు దాచియుంచిన ఆ ఆయుధమును అతడు ఘటోత్కచునిపై విడువవలసి వచ్చెను. ఆ కథ విన్నపుడు మన మనస్సును కలతపెట్టునది ఆయుధబలము కాదు. దానిని ఎప్పుడు వెచ్చింపవలెనను చిక్కు. మన ఇండ్లలో పిల్లలు, పెద్దలు కూడ ఆడుచున్న వీడియో ఆటలలోని ఆయుధములను గూర్చి నేడు మేము ముచ్చటింపనున్నాము. అచటను చిక్కు ఇదియే.

1993లో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘డూమ్’ అను ఆటను వెలువరించినది. అంగారకుని ఉపగ్రహములపై రాక్షసులతో పోరాడుట అందలి కథ. దొరికిన ఆయుధమునెల్ల ఆటగాడు వెంట ఉంచుకొనవచ్చును. పిస్తోలు, రంపము, రాకెట్ యంత్రము, ప్లాస్మా తుపాకి అన్నియు ఒక్కనివద్దనే యుండును. మీట నొక్కినంతనే కోరినది చేతికి వచ్చును. తూటాలు తరిగిపోవునను చింతయే కాని, మోయుటలో చింత లేదు.

2001 నవంబరు 15వ తేదీన మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ యంత్రముతోపాటు, బంజీ సంస్థ రూపొందించిన ‘హేలో’ వెలువడినది. కథాకాలము 2552వ సంవత్సరము. మాస్టర్ చీఫ్ అను కవచధారియైన సైనికుడు వలయాకారముగల ఒక వింతలోకముపై, కవనెంట్ అను పరగ్రహవాసుల కూటమితో పోరాడును. ఈ ఆటలో ఒక నియమమున్నది. ఆటగాడు రెండు ఆయుధములను మాత్రమే వెంట ఉంచుకొనగలడు. మూడవది కావలెనన్నచో చేతనున్నదానిని నేలపై విడువవలెను.

ఈ నియమము నిలుచుటకు కారణము, ఆయుధములలో ఏ ఒక్కటియు అన్ని పనులకు సరిపడకుండుట. మానవుల దాడి రైఫిలులో 60 తూటాలు పట్టును. కాని దూరమునకు అది గురి తప్పును. కవనెంట్ వారి ప్లాస్మా పిస్తోలు మీటను కొంతసేపు నొక్కిపట్టి విడిచినచో, శత్రువు శక్తికవచము ఒక్క దెబ్బకు తొలగును. పిమ్మట మానవుల పిస్తోలుతో తలకు గురిపెట్టినచో పని ముగియును. ఈ రెండును జోడుగా నుండిననే రాణించును. ప్లాస్మా ఆయుధములలోని శక్తి హరించినచో తిరిగి నింపుటకు వీలు లేదు, పారవేయవలసినదే. ‘లైబ్రరీ’ అను ఘట్టమున ఫ్లడ్ అను పరాన్నజీవులు గుంపులుగా పైబడును. దూరపు గురికి పేరొందిన స్నైపర్ రైఫిల్ అచట దాదాపు నిరుపయోగము. దగ్గర పోరుకు తగిన షాట్‌గన్ ప్రాణసమానము.

మేము మొదటిమారు ఈ ఆట నాడినపుడు, పెద్ద శత్రువు వచ్చునేమోయని రాకెట్ యంత్రమును గంటసేపు మోసితిమి. ఆ గంటయు మిగిలిన ఒక్క తుపాకితోనే నెట్టుకొని వచ్చి, పలుమార్లు హతులమైతిమి. తుదకు ఒక మూలనుండి హఠాత్తుగా వెలువడిన అల్పశత్రువును చూచి బెదరి, ఆ రాకెట్టును వానిపై విడిచితిమి. కర్ణుని యెడ మాకు గౌరవము పెరిగినది ఆనాడే.

పలువురు కలిసి పోటీపడునపుడు ఈ నియమమునకు మరియొక గుణము కలుగును. ఆరంభమున అందరి చేతిలోను ఒకే విధమైన ఆయుధములుండును. బలమైనవి రంగస్థలమున ఎల్లరెరిగిన చోట్ల పడియుండును. చదరంగమున ఇరువురికి బలగము సమానమైనట్లే, ఇచటను ఆధిక్యము ఆట సాగుచుండగా సంపాదించుకొనవలసినది.

2007లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4’ వేరొక మార్గమును ప్రచారమునకు తెచ్చినది. ఆటగాడు తనకు నచ్చిన ఆయుధములను, ప్రత్యేక సామర్థ్యములను ముందుగానే ఎన్నుకొని ఒక అమ్ములపొదిగా కూర్చుకొనును. దీనినే లోడౌట్ అందురు. 2010లో వచ్చిన ‘హేలో రీచ్’ సిద్ధముచేసిన లోడౌట్లను ఇచ్చినది. 343 ఇండస్ట్రీస్ రూపొందించిన ‘హేలో 4’, 2012లో, ఆ కూర్పును ఆటగాని చేతికే వదలినది. ప్రధానాయుధము, ఉపాయుధము, చేతిబాంబు, కవచశక్తి అన్నియు అతని ఇష్టమే. శ్రేణి పెరుగుకొలది మరికొన్ని లభ్యమగును.

ఇందలి మేలును మేము కాదనము. గురి కుదరనివాడు దగ్గర పోరుకు, చేయి కుదురైనవాడు దూరపు పోరుకు సిద్ధపడవచ్చును. తన స్వభావమునకు తగిన పనిముట్టును ఎన్నుకొనుట ఆనందదాయకము. కాని నష్టమును కలదు. ‘హేలో 4’లో బోల్ట్‌షాట్ అను చిన్న ఆయుధమున్నది. మీటను నొక్కిపట్టి విడిచినచో దగ్గరనున్నవానిని ఒక్క దెబ్బకు కూల్చగలదు. దానిని ఎవడైనను పుట్టుకతోనే వెంటతెచ్చుకొనవచ్చును గనుక, మూలమలుపున ఎదురగువానివద్ద ఏమున్నదో ముందుగా ఊహించుట కష్టమైనది. కొత్తగా చేరినవానికో, అట్టి ఎంపికలు ఇంకను తెరువబడనే లేదు. ఓడినవాడు తన తప్పు నుండి నేర్చుకొనవలెనన్న, ఆ తప్పు అతనికి కనబడవలెను గదా!

2015లో వచ్చిన ‘హేలో 5’ తన అరీనా పోటీలలో సమానారంభమునకు మరలినది. 2021 నాటి ‘హేలో ఇన్ఫినిట్’ సైతము సాధారణ పోటీలలో అదే మార్గమును పట్టి, ఇష్టానుసారమైన అలంకరణను కవచపు రూపురేఖలకు పరిమితము చేసినది. స్వేచ్ఛ వేషమునకు, సమత్వము ఆయుధమునకు అన్నమాట.

ఈ ఆటలు పసిపిల్లలకు తగినవి కావు. మొదటి ‘హేలో’ను అమెరికాలోని వర్గీకరణ సంస్థ 17 ఏండ్లు, అంతకు పైబడినవారికే తగినదని నిర్ణయించినది. ఆ ఈడు వచ్చినవాడు మీ ఇంట ఆడుచు, నేలపై పడిన తుపాకి ముందు ఒక క్షణము ఆగినచో, ఊరక నిలిచినాడని తలపకుడు. ఆట ముగిసిన పిదప చెంత కూర్చుండి, ఏది తీసికొంటివని మాత్రమే కాక, ఏది విడిచితివి, ఎందులకు విడిచితివి అని కూడ అడిగి చూడుడు. అతడు చెప్పు సమాధానము వినదగినదై యుండును.