కోపం నుంచి వాదన దాకా

 

థింసా అయిపోయాక, భోజనాలకు ముందు మైకు మాకిచ్చారు. కాబట్టి ఎక్కువసేపు తీసుకోం. మేము హాస్టల్ వార్డెన్లం. బియ్యం, పప్పు, గుడ్లు లెక్క చూసుకోవడం, రాత్రి హాజరు తీసుకోవడం మా పని. బి.ఎడ్. చదివినందుకు పిల్లల నోటు పుస్తకాల్లోకి తొంగిచూసే అలవాటు మాత్రం పోలేదు. డిగ్రీ చదివే మా ఆడపిల్లలు ఒక విషయం మీద పరిశోధన చేసి, వాదన నిలబెట్టి పేపర్ రాయడం ఎలా నేర్చుకున్నారో ఈ రోజు చెప్తాం.

ముందు మా సంగతి ఒప్పుకోవాలి. మా రోజుల్లో రికార్డు అంటే సీనియర్ రికార్డు తెచ్చుకుని పొల్లుపోకుండా దించడమే. బొమ్మలు మాత్రం వాళ్ళకంటే బాగా వేసేవాళ్ళం. వ్యాసం అంటే ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు. "నువ్వేమంటావు?" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇప్పటి పిల్లలకు డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. ఊరికి వెళ్ళి, సర్వే చేసి, రిపోర్టు రాయాలి. మంచిదే. కానీ జిరాక్సు షాపులో పాత ప్రాజెక్టులు దొరుకుతున్నాయి, ఊరి పేరు మారిస్తే సరిపోతోంది. ఒకసారి మా పిల్ల ఒకతె తెచ్చిన కొండ ఊరి రిపోర్టులో "మత్స్యకారుల మరబోట్ల సమస్య" అని ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అలాంటిచోట ఒకమ్మాయి, కువి మాట్లాడే ఊరి నుంచి వచ్చిన పిల్ల, కాలేజీ సెమినార్ కోసం జీవో నెంబర్ 3 మీద రాస్తానంది.

పెద్దలకు చెప్పక్కర్లేదు గానీ, చిన్నవాళ్ళ కోసం చెప్తాం. ఆ జీవో 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అంది. కొండ మీద బడులకు టీచర్లు సరిగా రావడం లేదనేది దాని వెనకున్న కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటిదాకా జరిగిన నియామకాలు మాత్రం ఉంచింది, ఇలాంటిది మళ్ళీ చేయకూడదని రెండు రాష్ట్రాలకూ షరతు పెట్టి. మాతో బి.ఎడ్. చదివినవాళ్ళలో ఆ జీవోతో టీచర్లయినవాళ్ళున్నారు. అందుకని ఆ పిల్లకున్న కోపం మాకూ ఉంది.

మొదటిసారి ఐదు పేజీలు రాసి తెచ్చింది. "తీరని అన్యాయం" అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది, మేము లెక్కపెట్టాం.

"తీర్పు చదివావా అమ్మా?" అన్నాం.

"చదివాను మేడమ్. వాట్సాప్‌లో వచ్చింది."

ఆ రోజు నుంచి అసలు పని మొదలైంది. తీర్పు ఇంగ్లీషులో వంద పేజీలు దాటి ఉంటుంది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కానీ మా హాస్టల్లో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు దగ్గరే. నలుగురు పిల్లలు, ఒక ఫోను, ఒక డిక్షనరీ. మొదటి పేజీ నుంచి చదివితే మూడో రోజుకు వదిలేస్తారని మాకు తెలుసు. అందుకే కోర్టు తనకు తాను వేసుకున్న ప్రశ్నలేవో ముందు వెతకమన్నాం. నాలుగున్నాయి. ఐదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారం ఎంతవరకు, అది ప్రాథమిక హక్కుల్ని దాటగలదా? నూరు శాతం రిజర్వేషన్ చెల్లుతుందా? ఇది అసలు రిజర్వేషనా, వర్గీకరణా? స్థానికతకు పెట్టిన షరతు సబబేనా? ఒక్కో ప్రశ్నకు కోర్టు ఏమంది, ఎందుకంది అని పాత క్యాలెండర్ కాగితాల వెనక రాయించాం. ఒక కాగితం మీద ఒకే మాట, మూలన పేజీ నెంబరు. నెంబరు లేని కాగితం పేపర్లోకి రాకూడదని నియమం పెట్టాం. మొదటి వారం మమ్మల్ని బాగానే తిట్టుకున్నారు.

నాలుగో ప్రశ్న దగ్గర మా పిల్ల ఆగిపోయింది. ఆ జీవో లెక్కలో స్థానిక గిరిజనులంటే 1950 జనవరి 26 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉంటున్న కుటుంబాలవాళ్ళు. దీనివల్ల మిగతా కులాలవాళ్ళకే కాదు, ఇతర గిరిజనులకు కూడా అవకాశం పోయిందని కోర్టు అంది. ఆ మాట పైకి చదివినప్పుడు పక్క మంచం మీద కొండదొర పిల్ల ఉంది. వాళ్ళది రావికమతం వైపు, షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి రాని కొండ ఊరు. అలాంటి గిరిజన గ్రామాలు చాలా ఉన్నాయి, షెడ్యూలులో చేర్చమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ పిల్ల నెమ్మదిగా, "అక్కా, ఆ జీవోలో నేనెప్పుడూ లేను కదా" అంది.

ఎదుటివాదన అంటే ఎక్కడో ఢిల్లీలో లాయరు చెప్పేదని మేమూ అనుకున్నాం. తీరా చూస్తే అది మా గదిలోనే దుప్పటి కప్పుకుని కూర్చుంది.

ఇక్కడ మాకు ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీ పనికొచ్చింది. తగాదా వచ్చినప్పుడు మంచి పెద్ద ఏం చేస్తాడు? "నువ్వనేది ఇదే కదా?" అని అవతలివాడి మాట వాడు ఒప్పుకునేలా తిరిగి చెప్తాడు. ఆ తర్వాతే జవాబు. మా పిల్లలకు ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు, కాగితం మీద చేయాలని తెలియదంతే. కొండదొర పిల్ల "అవును, నా మాట ఇదే" అనేదాకా ఆ పేరా నాలుగుసార్లు తిరగరాయించాం. అందులో "కానీ" అనే మాట రాకూడదన్నాం. "కానీ" తర్వాతి పేరాలో.

దసరా సెలవులకు ముందు తన ఊరి చుట్టుపక్కల ఆరు బడులు తిరిగింది. ఒకటో తరగతి పిల్లలతో టీచరు ఏ భాషలో మాట్లాడుతున్నారు, ఇదొక్కటే ప్రశ్న. అక్కడ ఇంకో దెబ్బ తగిలింది. రెండు బడుల్లో ఉన్నది స్థానిక గిరిజన టీచర్లే, ఆ జీవోతో వచ్చినవాళ్ళే. రోజూ బడికి వస్తున్నారు, ఊరివాళ్ళు మెచ్చుకుంటున్నారు. కానీ వాళ్ళ ఇంటి భాష తెలుగు. కువి రాదు. చంటిపిల్ల "ఏయు" అని నీళ్ళడిగితే పక్క పిల్లవాడు తెలుగులో చెప్పాల్సి వస్తోంది.

"ఇది రాయొద్దులే మేడమ్, మనవాళ్ళకే దెబ్బ" అంది. నిజం చెప్పాలంటే మా మనసూ కాసేపు అలాగే లాగింది. ఈ సభలో ఈ మాట అంటే కొందరికి నచ్చదని ఇప్పుడూ తెలుసు. రాయకపోతే ఏమవుతుందో ఆలోచించమన్నాం. ఆ బడి చూసినవాడెవడైనా ఇదే మాట పట్టుకుని పేపరంతా కొట్టిపారేస్తాడు. మనమే చెప్పి, దానికి కారణం కూడా మనమే వెతికితే అలా కొట్టిపారేయలేడు.

దాంతో ఆమె వాదనే మారింది. "జీవో 3 తిరిగి తేవాలి" అని మొదలుపెట్టిన పిల్ల, "ఏజెన్సీలో ఒకటి, రెండు తరగతుల టీచరుకు ఆ ఊరి పిల్లల భాష రావడం నియామకంలో అర్హత కావాలి" అనే దగ్గరికొచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలనే రాజ్యాంగం 350-ఎ అధికరణాన్ని ఆధారంగా పెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలోనే కువి, కొండ, సవర, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలైన సంగతి రాసింది. తన వాదనలో చిల్లు కూడా తనే చూపించింది: కువి వచ్చి, టీచర్ ట్రైనింగూ చదివినవాళ్ళు చాలినంతమంది లేకపోతే ఆ పోస్టులు ఎవరితో నింపుతారు? దానికి ఆమె దగ్గర పూర్తి జవాబు లేదు. లేదనే రాసింది.

సెమినార్‌లో చదివినప్పుడు మేము చివరి వరసలో కూర్చున్నాం. ఒక పెద్దాయన లేచి కాస్త గట్టిగానే, "అయితే నువ్వు జీవో 3కి వ్యతిరేకమా?" అని అడిగారు.

"కాదు సార్. ఏడో పేజీ చూడండి" అంది.

ఆ పేపర్ కాపీలు పదిహేను అక్కడ బల్ల మీద పెట్టాం. చదివి, ఒప్పుకోనిచోట పక్కన పెన్నుతో రాసివ్వండి. వచ్చే నెల మళ్ళీ రాస్తోంది. భోజనాలు చల్లారిపోతున్నాయి, సెలవు. జై ఆదివాసీ.