నదికి ఒప్పందము, బావికి బేరము



కరవునాళ్ల నీటి పంపకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని సంఘమువారు కోరిరి. ఇందుకు మేము దూరదేశముల ఉదాహరణములు వెదుకనక్కరలేదు. తిరువళ్లూరు ప్రాంతమందలి పూండి జలాశయపు గట్టున నిలిచి చూచిన చాలును.

ఆ జలాశయమునకు కృష్ణానీరు వచ్చుటకు ఒప్పందము కలదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ వాటాలనుండి 5 టి.ఎం.సి.ల చొప్పున చెన్నపట్టణపు దాహమునకు విడుచుటకు సమ్మతించినవి. 1983లో ఆంధ్రప్రదేశముతో మరియొక ఒప్పందము కుదిరినది. దారిలో ఇంకిపోవునది పోగా 12 టి.ఎం.సి.లు సరిహద్దు చేరవలెను. 1996లో ఆ నీరు పూండిని చేరినది. ఏటేటా నిండుగా వచ్చినదని కాదు. తక్కువ వచ్చిననాడు అడుగుటకు కాగితము కలదు.

గట్టు దిగి పొలములలోనికి పోయిన న్యాయము మారును. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, నిర్ణీతమైన పాయగా పారని భూగర్భజలమును తన హద్దులలో తోడుకొను హక్కు భూమి యజమానిది. ఎంత తోడవలెనను మితి అందు లేదు. పూండి, తామరైప్పాక్కం వైపు రైతుల బావులనుండి నగరమునకు నీరు కొనిరి, లారీలవారును కొనిరి. పైరు వేసి నష్టపడుటకంటె నీరమ్ముట మేలని తలచిన రైతును మేము తప్పు పట్టజాలము. అట్టివారు మనలోను ఉందురు.

అయితే బేరము ఇద్దరి మధ్య జరుగును. నీరు ఊరందరి నేలక్రిందనుండి వచ్చును. లోతైన బోరు గలవాడు విడువక తోడిన, ప్రక్కవాని ఊటబావి ఎండును. నాట్లు లేనందున కూలివానికి పని పోవును. అమ్మిన పైకములో వానికి దమ్మిడీ రాదు. సాగుకని ఇచ్చిన ఉచిత విద్యుత్తుతో తోడినచో ఆ ఖర్చు ధరలో కనబడనే కనబడదు. చెన్నపట్టణ ప్రాంతమునకు 1987లో భూగర్భజల నియంత్రణ చట్టము వచ్చినది. రాష్ట్రమంతటికని 2003లో చేసిన చట్టమో, 2013లో రద్దయినది.

పూర్వము చెరువునీటికి నీరుగంటి ఉండెడివాడు. వంతు తప్పకుండ మడులకు నీరు కట్టెడివాడు. నాడు అన్యాయము లేదని మేమనము. చివరి పొలములు ఎవరివో పెద్దలెరుగుదురు. కాని బావికి ఆపాటి కాపరియు లేడు.

అమ్మకము మానుడని మేము కోరుట లేదు. అమ్మువారు చుట్టుపట్ల బావుల నీటిమట్టమును నెలకొకసారి కొలిపించి గ్రామసభలో చదివింపవలెను. మట్టము ఒక గుర్తునకు దిగినపుడు లారీ ఆగవలెను. ఆ గుర్తును నిర్ణయించునాడు భూమిలేని కుటుంబములవారిని కూడ పిలువవలెను. వేసవికి ముందే ఈ మాట మీ మీ ఊళ్లలో ఎత్తుడని కోరుచున్నాము.