ఫోటో వెనక రాయని పేరు

(ఇంటిపనివాళ్ళ హక్కుల మీద జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీ చేతుల్లో తిరుగుతున్న ఫోటో నకలు చూడండి. పంతొమ్మిదో శతాబ్దపు ఫోటో. కుర్చీలో తెల్లచీర కట్టుకున్న స్త్రీ, ఒళ్ళో దొరలబిడ్డ. అట్ట వెనక బిడ్డ పేరుంది, వయసుంది. ఆమెకు మిగిలింది 'ఆయా' అన్న ఒక్క మాట. అదీ మన మాట కాదు, పోర్చుగీసువాళ్ళు తెచ్చింది.

అసలామె ఫోటోలోకి ఎందుకొచ్చింది? గౌరవంగా పిలిచి కూర్చోబెట్టారనుకుంటే పొరపాటు. 1854లో ఫ్రాన్సులో డిస్డెరి అనే ఆయన అరచేతిలో ఇమిడే కార్డు ఫోటోలకు పేటెంటు తీసుకున్నాక ఫోటోలు చవకై మధ్యతరగతి ఇళ్ళకూ వచ్చాయి. కానీ అప్పటి ప్లేట్లకు వెలుగు ఎక్కువ కావాలి. కొన్ని సెకన్లపాటు కదలకూడదు. ఏడాది పిల్ల ఊరుకుంటుందా? కదిలితే మొహం అలుక్కుపోతుంది. ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఇంగ్లండులో తల్లులే ఒళ్ళంతా గుడ్డ కప్పుకుని, కుర్చీలా కనబడుతూ, బిడ్డల్ని పట్టుకున్న ఫోటోలున్నాయి. (మాతృత్వాన్ని అంతగా కీర్తించిన కాలం అది!) మన ఆయాకు గుడ్డ కప్పలేదు. ఆ అవసరం కూడా కనబడలేదు.

అంటే ఆ స్టూడియోలోనూ ఆమె పనిలోనే ఉంది. చేతులు చూడండి. ఒకటి బిడ్డ నడుం చుట్టూ, ఒకటి గౌను అంచుమీద. బిడ్డ మొహం కాస్త అలికినట్టుంది. ఆమె మొహం మాత్రం స్పష్టంగా ఉంది.

ఆయాలు దొరసానుల వెంట ఓడల్లో లండన్ దాకా వెళ్ళారు. ప్రయాణికుల జాబితాల్లో దొరసాని పేరు, పక్కన 'ఆయా' అని ఉండేది. ఒడ్డు చేరాక కొందరిని తిరుగు ప్రయాణం ఖర్చులివ్వకుండా వదిలేశారు. అలాంటివాళ్ళ కోసం ఆల్డ్‌గేట్‌లో ఒక వసతిగృహం నడిచింది. 1900లో అది హాక్నీకి మారింది. ఆ ఇంటికి స్మారక ఫలకం పడింది 2022లో.

ఇలాంటి ఫోటోల కింద 'పేరు తెలియని స్త్రీ' అని రాస్తుంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఆమె పేరు ఆమెకు తెలుసు. తోటివాళ్ళకు తెలుసు. ఫోటో తీయించినవాళ్ళు అడిగితే చెప్పేది. 'పేరు రాయలేదు' అంటే సరిపోతుంది.

దొరల్ని తిట్టడం తేలిక. ఇంటికెళ్ళి మా పాత ఆల్బం తీశాను. నా మొదటి పుట్టినరోజు ఫోటోలో నన్ను పట్టుకున్న చేతులున్నాయి, మనిషిని అంచుతో సహా కత్తిరించారు. అమ్మనడిగితే "ఆయమ్మ అనేవాళ్ళం గదే" అంది. పదకొండేళ్ళు మా ఇంట్లో పనిచేసిన మనిషి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివాళ్ళ కోసం 189వ ఒప్పందం చేసింది. పని షరతులుగా ఏమేం తెలపాలో అందులో ఏడో అధికరణం వరసగా చెబుతుంది. జీతం, పనిగంటలు, సెలవులు, అన్నీ ఉన్నాయి. వాటన్నిటికన్నా ముందున్నది యజమాని పేరు, పనిచేసే మనిషి పేరు, చిరునామాలు. అది చదివినప్పుడు అమ్మ మాటే గుర్తొచ్చింది.

ఆయమ్మ ఇప్పుడు లేదు. కూతురు ఊళ్ళోనే ఉందని తెలిసి పోయిన ఆదివారం వెళ్ళాను. పేరు చెప్పింది. ఫోటో వెనక రాశాను. ఇక్కడ మాత్రం చెప్పడం లేదు. పదిమందిలో చెప్పొచ్చా అని ఆమె కూతుర్ని అడగడం మర్చిపోయాను. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.